ఏ గిన్నెలో ఏం వండాలె?
(వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వంట సామాను మీద మాట్లాడమని కార్యవర్గం వాళ్లు అడిగినప్పుడు, "నేను బిల్డింగు సూపర్‌వైజర్ని, నాకు గంజులతో ఏం పని?" అన్న. దానికి మన కోశాధికారి అన్న ఒకటే మాట అన్నడు: "సైటుకు వచ్చే ప్రతి ఇనుప చువ్వకు టెస్టు సర్టిఫికెట్ అడుగుతవు. రెండు పూటలా తినే గిన్నెకు ఎవడన్నా అడిగిండా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఒప్పుకున్న. నేను డాక్టర్ని కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసిన, పదకొండేండ్ల నుంచి ఈ ఎడారిలో కాంక్రీటు, ఇనుము, అల్యూమినియం మధ్య బతుకుతున్న. లోహం ఎట్ల నడుచుకుంటదో నాకు ఎరుక. ఆ ఎరుకనే మీ వంటగదిలోకి తెస్త.

ముందుగా మన రూముల సంగతి చూద్దాం. రూములో ఆరుగురో ఎనిమిది మందో ఉంటం. గిన్నెలు ఎవరు కొన్నరో ఎవరికీ తెల్వదు. ఇంటికి పోయేటోడు వదిలి పోతడు, కొత్తగా వచ్చినోడు అందుకుంటడు. మంచాలు మారినా, మనుషులు మారినా గంజు మాత్రం అదే. అడుగు నల్లబడి, అంచు సొట్టలు పోయి, లోపల గుంటలు పడినా దాంట్లోనే పప్పు, దాంట్లోనే చారు. ఇంటికి పంపే పైసలల్లో తక్కువ పడకూడదని గిన్నె మీద పది దిర్హాములు కూడా పెట్టం. కానీ ఒక మనిషి యాడాదికి ఏడు వందల సార్లు ఆ గిన్నెలోంచే తింటడు. ఒక్క పూట తింటే ఏం కాదు. ఏండ్ల తరబడి తింటేనే లెక్క మారుతది.

పేర్లతో ఇంకో చిక్కు ఉంది. మా జగిత్యాల దిక్కు గంజు, బగోణె అంటం. గోదావరి వాళ్లు తపేలా, దాక అంటరు. అల్యూమినియం గిన్నెను అన్ని దిక్కులా "సిల్వర్ గిన్నె" అంటరు. దాంట్లో వెండి ఇసుమంత కూడా ఉండదు. పేరును నమ్మొద్దు, పదార్థాన్ని చూడాలె. ఇయ్యాల నేను చెప్పేదంతా ఆ ఒక్క మాటకే వివరణ.

మొదట జీఐ బకెట్ల గురించి చెప్త, ఎందుకంటే ఇది ఇక్కడనే జరిగింది. కొన్నేండ్ల కింద ఒక క్యాంపులో ఉగాది చేసుకున్నం. వంద మందికి పచ్చడి కావాలె, అంత పెద్ద గంజు లేదు. స్టోరు నుంచి తెచ్చిన కొత్త జీఐ బకెట్లో చింతపండు, బెల్లం, మామిడి ముక్కలు రాత్రే కలిపి పెట్టిండ్రు. బకెట్ తళతళ మెరుస్తుంది, కొత్తది, శుభ్రంగా కడిగిండ్రు కూడా. పొద్దున తాగినోళ్లలో పది పన్నెండు మందికి రెండు గంటలు తిరగకముందే వాంతులు, కడుపునొప్పి. క్లినిక్‌లో డాక్టరు ముందు అడిగిన ప్రశ్న "ఏం తిన్నరు?" అని. రెండో ప్రశ్న "దేంట్లో కలిపిండ్రు?" అని.

జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. తుప్పు ఆపడానికి వేస్తరు. నీళ్లకు పర్వాలేదు. పులుపు తగిలితే జింకు కరిగి తిండిలోకి దిగుతది. చింతపండు, నిమ్మకాయ, టమాట, మజ్జిగ ఏదైనా అంతే. రాత్రంతా నానితే ఇంక చెప్పేది ఏముంది? కాబట్టి మొదటి మాట: జీఐ బకెట్, జీఐ రేకు, జీఐ జాలీ వంటకు వాడొద్దు. జీఐ జాలీ మీద కోడి కాల్చేటోళ్లు కూడా వినాలె. జీఐ పైపు వెల్డింగ్ చేసిన నాటి రాత్రి చలిజ్వరం వస్తదని మన వెల్డర్ తమ్ముళ్లకు తెలుసు. అది జింకు పొగ పని. అట్లనే పెయింటు డబ్బాలు, కెమికల్ డ్రమ్ములు ఎన్నిసార్లు కడిగినా తిండికి పనికిరావు.

ఇప్పుడు అసలు సంగతి అల్యూమినియం. మన క్యాంపుల్లో ఎక్కువ గిన్నెలు ఇవే. చవక, తేలిక. వేడిని పంచడంలో స్టెయిన్‌లెస్ స్టీలు దీని ముందు నిలవదు, పది రెట్లకు పైనే తేడా ఉంటది. అందుకే అన్నం త్వరగా ఉడుకుతది, అడుగు ఒక్క చోటే మాడదు. ఇది చెడ్డ లోహం కాదు. గాలి తగలగానే దాని మీద కంటికి కనబడని సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడుతది. ఆ పొరే దానికి కవచం. ఆ కవచాన్ని పులుపు తింటది, ఉప్పు తింటది, సోడా లాంటి క్షారమూ తింటది.

సైటులో పని చేసేటోళ్లకు ఒక గుర్తు చెప్త. పచ్చి కాంక్రీటుకు అల్యూమినియం తగలనియ్యొద్దని మనం ఎందుకు అంటం? సిమెంటు క్షారం. అది అల్యూమినియాన్ని తింటుంటే హైడ్రోజన్ బుడగలు లేస్తయి. గిన్నెలో వంటసోడా వేసి తోమితే నల్లగా అయ్యేది కూడా ఇదే గుణం వల్ల. మెల్లగా జరుగుతది, అంతే.

మరి అల్యూమినియం కడుపులోకి పోతే ఏమైతది? భయపెట్టే మాటలు చాలా తిరుగుతయి. ఉన్నది ఉన్నట్టు చెప్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిపి వేసిన నిపుణుల సంఘం 2011లో ఒక హద్దు పెట్టింది: వారానికి ఒంటి బరువు కిలోకు 2 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి 140 మిల్లీగ్రాములు అన్నట్టు. మామూలుగా అన్నం, పప్పు వండుకుంటే గిన్నె నుంచి దిగేది కొంచెమే. మూత్రపిండాలు మంచిగ ఉన్న మనిషి ఒంట్లోంచి అది ఎక్కువ భాగం బయటకు పోతది. మతిమరుపు రోగం దీనివల్లనే వస్తదని రుజువు కాలేదు. కానీ కిడ్నీ బాగలేని మనిషికి అది బయటకు పోదు, ఒంట్లో పేరుకుంటది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగ తాగక కిడ్నీలు పాడు చేసుకున్నోళ్లు మనలో ఉన్నరు. వాళ్లు ఈ మాటను చెవిన వేసుకోవాలె.

ఇక్కడ మన అలవాటు ఒకటి మారాలె. వండటం కన్నా నిల్వ పెట్టడమే పెద్ద తప్పు. పొద్దున నాలుగింటికి లేచి చేపల పులుసో టమాట పప్పో వండుతం. అల్యూమినియం డబ్బాలో పోసుకొని బస్సు ఎక్కుతం. తినేది మధ్యాహ్నం. ఎనిమిది గంటలు ఆ పులుపు, ఆ ఉప్పు, ఈ ఎండ వేడి, అన్నీ ఆ లోహం మీద పని చేస్తయి. రాత్రి మిగిలిన పులుసు గంజులోనే వదిలి పండుకుంటం. అన్నం వండుకోండి, నీళ్లు కాగబెట్టుకోండి, గుడ్లు ఉడకబెట్టుకోండి, తప్పులేదు. పులుసు, చారు, పచ్చడి మాత్రం అల్యూమినియంలో వద్దు. టిఫిను డబ్బా తప్పకుండా స్టీలుదే ఉండాలె.

అల్యూమినియంలోనే ఒక మెరుగైన రకం ఉంది, నల్లగా బూడిద రంగులో గట్టిగా ఉంటది. దాన్ని హార్డ్ అనోడైజ్డ్ అంటరు. మనం బిగించే కిటికీ ఫ్రేములకు చేసే అనోడైజింగే ఇది, కొంచెం మందంగా చేస్తరు. నేను చెప్పిన ఆక్సైడ్ కవచాన్ని కరెంటు పెట్టి లావు చేయడం అన్నమాట. పులుపును ఎక్కువ తట్టుకుంటది. గీకి గీకి తోమితే అది కూడా పోతది.

ఇప్పటిదాకా చెప్పింది మంచి అల్యూమినియం సంగతి. అసలు ప్రమాదం చెత్త అల్యూమినియంలో ఉంది. పాత ఇంజిన్ ముక్కలు, డబ్బాలు, వైర్లు, ఏది దొరికితే అది కరగబోసి గిన్నెలు పోసేటోళ్లు ఉన్నరు. ఆ తుక్కులో సీసం కలిసిందంటే గిన్నెలోకి వస్తది, గిన్నెలోంచి కూరలోకి వస్తది. సీసానికి రుచి లేదు, వాసన లేదు, కంటికి కనబడదు. దీనికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తది. పెద్దోళ్లకు రక్తపోటు, కిడ్నీ బాధలు తెస్తది. చిన్న పిల్లలకైతే మెదడు ఎదుగుదలనే దెబ్బ కొడ్తది, ఆ నష్టం మళ్లా పూడదు. కడుపుతో ఉన్న ఆడబిడ్డ తింటే లోపలి బిడ్డకూ చేరుతది.

ఇది గాలిమాట కాదు. 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ బయటి దేశాల నుంచి వచ్చే కొన్ని వంటపాత్రల నుంచి సీసం దిగుతుందని హెచ్చరిక ఇచ్చింది. అల్యూమినియం, ఇత్తడి, ఇంకా మనం హిండాలియం అని పిలిచే మిశ్రమ లోహం గిన్నెలు అందులో ఉన్నయి. హిండాలియం అన్న ప్రతి గిన్నె చెడ్డదని దీనర్థం కాదు. ఎవరు చేసిండ్రు, దేనితో చేసిండ్రు అన్నది తెలియని గిన్నె వద్దని అర్థం. మన దేశంలో 2024లో స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఊరికి పోయినప్పుడు గిన్నె తిప్పి ఆ గుర్తు ఉందో లేదో చూసి కొనండి. ఇక్కడ కొంటే కంపెనీ పేరు, తయారైన దేశం అచ్చు వేసి ఉన్నవే తీసుకోండి. గరుకుగా, చిల్లులు చిల్లులుగా, పేరూ ఊరూ లేకుండా ఉన్నది ఎంత చవకైనా వద్దు.

సీసం ఇంకో దారిలో కూడా వస్తది. వెనకట ఊర్లలో "బిందెలకు మాట్లు వేస్తం" అని తిరిగేటోళ్లు. చిల్లు పడ్డ గిన్నెకు మాటు వేసే టంకంలో సీసం కలిసే ఉంటది. నీళ్ల బిందెకైనా, వంట గిన్నెకైనా అది మంచిది కాదు. మాటు వేసిన గిన్నెలో మొక్కలు పెంచుకోండి.

ఇత్తడి, రాగి సంగతి కూడా ఇక్కడే చెప్త, ఎందుకంటే ఈ మధ్య అందరికీ పాత సామాను మీద ప్రేమ పుట్టింది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసింది. కంచు అంటే రాగి, తగరం కలిసింది. మన దగ్గర ఇత్తడి పని గొప్పది. పెంబర్తి, అజ్జరం, బుడితి పేర్లు చాలు చెప్పడానికి. రాగి వేడిని పంచినంత బాగా వంట లోహం ఇంకేదీ పంచదు. కానీ పులుపు తగిలిందా, పచ్చటి చిలుము పడుతది. అది విషం. మన అమ్మమ్మలకు ఇది బాగా తెలుసు. అందుకే లోపల కళాయి వేయించకుండా ఇత్తడి గిన్నెలో చారు కాచేటోళ్లు కాదు. కళాయి అంటే తగరం పూత. గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి దూదితో తుడిస్తే వెండిలాగ మెరిసేది. తగరం 232 డిగ్రీలకే కరుగుతది కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టొద్దు. కళాయి అరిగి లోపల ఎర్రగానో పచ్చగానో లోహం కనబడితే మళ్లా వేయించాలె. తగరంలో చవకకు సీసం కలిపేటోళ్లు ఉంటరు కాబట్టి తెలిసిన మనిషితోనే వేయించాలె. అది కుదరకపోతే ఆ గిన్నెను అల్మారాలో అలంకారంగా పెట్టుకోవడమే మంచిది.

ఇక స్టెయిన్‌లెస్ స్టీలు. మన బతుకులకు దీనికి మించినది లేదని నా మాట. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే దానికి తుప్పు పట్టని గుణం వస్తది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నది 304 రకం. గిన్నె అడుగున 18/8 అని కనబడేది ఇదే. మనం మెట్లకు బిగించే రెయిలింగు పైపుల్లో కూడా ఇదే ఎక్కువ. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతరు, చవక పడుతది, తొందరగా మచ్చలు పడుతది. 430 రకంలో నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతానికి అంటుకుంటది.

అయస్కాంతం పెట్టి చూస్తే మంచి స్టీలు తెలిసిపోతదని చాలామంది అనుకుంటరు. సగమే నిజం. 304 అంటుకోదు, కానీ 202 కూడా అంటుకోదు. కాబట్టి అంటుకోలేదని 304 అనుకొని మోసపోవద్దు, అచ్చు చూడండి. ఇండక్షన్ పొయ్యి ఉన్నోళ్లకు మాత్రం అడుగు అయస్కాంతానికి అంటుకోవాల్సిందే, లేకపోతే పొయ్యి పని చెయ్యదు.

స్టీలుకు ఒకటే లోపం, వేడిని సరిగ పంచదు. మంట తగిలిన చోటే మాడ్తది. అందుకే అడుగున అల్యూమినియమో రాగో మందంగా మధ్యలో పెట్టి అతికిన గిన్నెలు వస్తయి, శాండ్‌విచ్ బాటమ్ అంటరు. ధర కొంచెం ఎక్కువ, కానీ ఏండ్లకేండ్లు వస్తది. చన్నీళ్లలో ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టకండి, అడుగున సన్నటి గుంటలు పడుతయి. నీళ్లు మరిగినంక వేస్తే ఉప్పు వెంటనే కరుగుతది, గుంటలు పడవు. నికెల్‌తో ఒంటికి దురద వచ్చేటోళ్లు కొందరు ఉంటరు. కొత్త గిన్నెలో మొదటి కొన్ని వంటల్లో నికెల్ కాస్త ఎక్కువ దిగుతది, తర్వాత తగ్గుతది.

ఇప్పుడు నాన్‌స్టిక్. సెలవు మీద ఇంటికి పోయే ప్రతి అన్న అట్టపెట్టెలో ఒక నాన్‌స్టిక్ సెట్టు ఉంటది. చెల్లె పెండ్లికి ఒకటి, వదినకు ఒకటి. కాబట్టి జర జాగ్రత్తగ వినండి. ఆ నల్లటి పూత పేరు పీటీఎఫ్ఈ. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడ్డది. దానికి ఏదీ అంటుకోదు, అదే దాని గొప్ప. పెచ్చు ఊడి కూరలో పడి కడుపులోకి పోయినా సాధారణంగా అరగకుండానే బయటకు పోతది. ప్రమాదం ఎక్కడంటే వేడిలో. 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలైతది, 350 దాటితే విరిగి విషపు పొగలు వస్తయి. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి ఫోను మాట్లాడుతూ నిలబడితే కొన్ని నిమిషాల్లోనే అంత వేడెక్కుతది. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు. వెల్డర్లకు వచ్చే జ్వరానికి ఇది తమ్ముడు. పంజరంలో పక్షులైతే చచ్చిపోతయి. ఇళ్లల్లో పని చేసే అక్కలకు చెప్తున్న, చిలకలు పెంచుకునే ఇంట్లో నాన్‌స్టిక్ పెనం మాడనియ్యకండి.

ఈ పూత తయారీలో వెనకట పీఎఫ్ఓఏ అనే రసాయనం వాడేటోళ్లు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో చేర్చింది. పెట్టె మీద "పీఎఫ్ఓఏ లేదు" అని ఉంటే ఆ రసాయనం లేదని అర్థం, పీటీఎఫ్ఈ పూత లేదని కాదు. "గ్రానైట్", "మార్బుల్" అని రాసినవాటిలో చాలా వరకు మామూలు పూత మీద చుక్కల రంగే ఉంటది. రోజూ గ్రానైటు పరిచే మనల్నే గ్రానైటు పేరుతో మోసం చేస్తే ఎట్ల? ఇంటికి తీసుకుపోతే చెక్క గరిటె కూడా కొనివ్వండి. కట్టెల పొయ్యి మీద పెట్టొద్దని, స్టీలు పీచుతో తోమొద్దని, పూత లేచిపోతే పారెయ్యాలని చెప్పి ఇవ్వండి. చెప్పకుండా ఇస్తే అది కానుక కాదు.

దోశకు, రొట్టెకు, వేపుడుకు ఇనుప పెనం, ఇనుప మూకుడు ఉన్నయి గదా. కొత్త ఇనుప పెనానికి దోశ అంటుకుంటదని మనోళ్లు మూలకు పడేస్తరు. దాన్ని పదును పెట్టుకోవాలె. సబ్బుతో ఒక్కసారి బాగా తోమి, పొయ్యి మీద తడి లేకుండా ఆరబెట్టండి. బట్టతో నూనె రాసి, రాసిందంతా తుడిచేసినంత పల్చగా ఉంచండి. పొగ వచ్చే దాకా కాచి చల్లార్చండి. నాలుగైదు సార్లు ఇట్ల చేస్తే నూనె గట్టిపడి నల్లటి పొరగా అయితది. చెక్కకు కొట్టిన అవిసె నూనె ఆరి గట్టిపడ్డట్టే ఇది. ఆ తర్వాత అది మీ సొంత నాన్‌స్టిక్. వాడినంక తడి ఉంచకండి, పులుసు కాచకండి, కూర నిల్వ పెట్టకండి. ఇనుప మూకుట్లో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతది. రక్తం తక్కువ ఉన్న మన ఇంటి ఆడోళ్లకు అది మేలే చేస్తది. ఇనుము ఒంట్లో ఎక్కువ పేరుకునే జబ్బు ఉన్నోళ్లు మాత్రం డాక్టర్ని అడగాలె.

మట్టికుండ, రాచ్చిప్ప గురించి ఒక్క మాట. పులుసుకు మన పెద్దలు మట్టిచట్టి, రాచ్చిప్ప ఎందుకు పెట్టిండ్రో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటది. వాటిని పులుపు తినదు. కుండ కొంటే పూత లేని మామూలుది కొనండి. తళతళలాడే రంగుల పూతలో సీసం ఉండే అవకాశం ఉంది.

ఇంత చెప్పినంక "ఏం కొనాలె" అని అడుగుతరు. ఆరుగురు ఉన్న రూముకు నా లెక్క ఇది. పప్పు, పులుసు, చారుకు మందపు అడుగున్న స్టీలు గంజు ఒకటి. అన్నానికి, నీళ్లకు ఇప్పుడున్న అల్యూమినియం గంజు మంచిదైతే అదే చాలు, గుంటలు పడి ఉంటే మార్చండి. ఇనుప పెనం ఒకటి, ఇనుప మూకుడు ఒకటి. మనిషికొక స్టీలు టిఫిను. ఖర్చును ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి నెల ఫోను రీచార్జి కన్నా పెద్దగ ఎక్కువ కాదు. అన్నీ ఒక్కసారే కొనలేకపోతే ముందు టిఫిన్లు మార్చండి, తర్వాత పులుసు గంజు. మెస్సు లెక్కలు రాసే పుస్తకంలోనే ఏ గిన్నె ఎప్పుడు కొన్నరో రాసి పెట్టండి. రూముకు కొత్తగా వచ్చే తమ్ముడికి ఏ గిన్నెలో ఏం వండుతున్నడో తెలుస్తది.

పులుపును స్టీలుకు ఇయ్యండి, మంటను ఇనుముకు ఇయ్యండి, పేరు లేని గిన్నెను చెత్తకు ఇయ్యండి. ఇక్కడ కష్టపడేది మన ఒంటిని పణంగా పెట్టే గాని, దాన్ని గిన్నెలో కూడా అరగదీసుకోవాల్సిన పని లేదు. మీ రూముల్లో గిన్నెలు చూపించి అడగాలనుకున్నోళ్లు సభ అయినంక నన్ను కలవండి. సెలవు రోజు వచ్చి చూసి చెప్త.